ఇటలీ ఫౌజును ఆపిన శుక్రవారాలు

ఇటలీ ఫౌజును ఏడు నెలల పాటు ఒంటిచేత్తో ఆపినవాణ్ణి నేను. అడిస్ అబాబా పడిపోయిందని లోకమంతా ఒప్పుకున్నాక కూడా, హబ్ష్ దేశపు, అంటే ఇథియోపియా, చక్రవర్తి రైలెక్కి, ఓడెక్కి వెళ్ళిపోయాక కూడా, మా గోపన్‌పల్లిలో నేను ఒక్క ఇటలీ సిపాయిని ముందుకు కదలనివ్వలేదు. అప్పటికి నాకింకా నూనూగు మీసమైనా రాలేదు. ఈ సంగతి ఏ చరిత్ర పుస్తకంలోనూ లేదంటే ఆ తప్పు నాది కాదు, రాసినవాళ్ళది.

మొన్న మాదాపూర్‌లో మా మనవరాలు స్వాతి ఆఫీసుకు వెళ్ళినప్పుడు ఈ మాటే అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, పక్క బల్లల దగ్గరి పిల్లలు పని ఆపి తలలెత్తి చూశారు. అసలు అక్కడికి ఎందుకు వెళ్ళానంటే, ఇంట్లో కాలు నిలవక. ముసలితనంలో మనిషి కుదురుగా కూర్చుంటాడని ఎవరన్నారో గాని, నాకు మాత్రం డెబ్బై ఐదు దాటాకనే అరికాళ్ళలో చీమలు పుట్టాయి. పేపరు మూడుసార్లు చదవడం, గేటు దాకా నాలుగుసార్లు వెళ్ళి రావడం, పొయ్యి మీది కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడడం. చివరికి మా కోడలు "మామయ్యగారూ, మీరు కాసేపు నడుం వాల్చండి, మీకు పుణ్యం ఉంటుంది" అని దండం పెట్టేదాకా తెస్తాను. ఆమెది కృష్ణా జిల్లా. ఎంత కోపం వచ్చినా మర్యాద మాత్రం తగ్గదు. ఆ పొద్దున ఆమె అవస్థ చూసే కాబోలు, స్వాతి చెప్పులు వేసుకుంటూ "తాతయ్యా, నాతో రా. ఆఫీసులో నీతో ఒక పని ఉంది" అంది. ఎక్కడికైనా సరే పోవడమే కావలసినవాణ్ణి, చొక్కా మార్చుకోవడానికి నిమిషం పట్టలేదు.

ఆ గుండ్రటి అద్దాల మేడను దారిలో పోతూ చూడడమే గాని లోపలికి అడుగుపెట్టడం అదే మొదలు. కొత్త రంగు వాసన, కొత్త తివాచీ వాసన, ఎముకలు కొరికే చల్లగాలి. గేటు దగ్గర పుస్తకంలో పేరు రాయమన్నారు, వచ్చిన పని రాయమన్నారు. వచ్చిన పని అన్న గడిలో 'సాక్ష్యం' అని రాసి సంతకం పెట్టాను. కాపలా అతను చదువుకుని, నన్ను ఎగాదిగా చూసి, మెడలో బిళ్ళ వేశాడు.

స్వాతి చేసే పని ఇదీ. ఎక్కడో పరాయి దేశంలో బడిపిల్లల కోసం ఒక సీడీ తయారవుతోంది. గడిచిన ఒక్కొక్క సంవత్సరానికి ఒక్కొక్క పేజీ. ఆ ఏడాది ప్రపంచంలో ఏమేం జరిగిందో ఆ పేజీలో ఉంటుంది. రెండు మహాయుద్ధాల నడిమి సంవత్సరాలు మా పిల్ల వంతుకు వచ్చాయి. పేజీ పక్కన చిన్న గడిలో ఆ కాలంలో బతికినవాళ్ళ మాట ఒకటి పెడితే బాగుంటుందని వాళ్ళ పైవాడు అన్నాడట. "ఈ సంవత్సరానికి నువ్వు పుట్టే ఉన్నావు కదా తాతయ్యా?" అని తెర మీద 1936 పేజీ తెరిచింది. పుట్టడమేమిటి, ఆ ఏడాదిని నడిపినవాణ్ణి. కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాను. ఒక ఏడాది మొత్తం పదకొండు లైన్లలో ఉంది. ఇంగ్లండులో పెద్దరాజు చనిపోవడం ఒక లైను. స్పెయిన్‌లో అన్నదమ్ములు ఒకరినొకరు కాల్చుకోవడం ఒక లైను. జర్మనీలో ఆటల పోటీలు ఒక లైను. ఇంగ్లండులో కొత్తగా గద్దెనెక్కిన రాజు ఒక ఆడమనిషి కోసం ఏడాది తిరక్కముందే గద్దె దిగిపోవడం ఒక లైను. వీటి నడుమ ఒక నల్లచుక్క పెట్టి, ఇటలీ సేనలు అడిస్ అబాబాలో ప్రవేశించాయి అని ఉంది. అంతే. దానికీ ఒక్కటే లైను.

"ఇది తప్పు" అన్నాను.

"తప్పెలా అవుతుంది? మూడు పుస్తకాల్లో సరిచూసి పెట్టాను."

"పుస్తకాలకేం తెలుసు? మా ఊళ్ళో అప్పటికింకా పడలేదు." అప్పుడే ఆ ఫౌజును ఆపిన మాట నా నోట్లోంచి వచ్చింది.

పిల్లలు నవ్వారు. స్వాతి మాత్రం నవ్వకుండా కీబోర్డు మీద వేళ్ళు పెట్టి "సరే, చెప్పు" అంది. చెబుదామని కూర్చున్నాను గాని కూర్చోలేకపోయాను. లేచి అద్దం దగ్గరికి వెళ్ళాను. కింద రాళ్ళగుట్టలకు రంధ్రాలు వేస్తున్నారు. కూత ఒకటి మోగింది, మనుషులు పరుగెత్తి దూరంగా నిలబడ్డారు, ధనేల్‌మని పేలింది, నా అరచేతి కింద అద్దం సన్నగా వణికింది. దుమ్ము అణిగేసరికి ఏనుగంత బండ ఉన్నచోట బోసిగా ఉంది. అవే నా గుట్టలు. ఇటలీ ట్యాంకులను నేను ఇరికించింది ఆ బండల నడుమనే. "ఇక్కడ కాదే, గోపన్‌పల్లి పోదాం పద, అక్కడ చెబుతాను" అన్నాను. మధ్యాహ్నం సెలవు పెట్టిస్తే గాని వదల్లేదు.

ఆటోలో చెప్పింది కొంత, అక్కడ చెప్పింది కొంత. ఇక్కడ అంతా ఒకచోట రాస్తున్నాను. మా నాయనను మేము బాపు అనేవాళ్ళం. ఊరికి మాలీపటేలు, అంటే సర్కారు శిస్తు వసూలు చూసేవాడు. నన్ను పట్నంలో మేనమామ ఇంట్లో ఉంచి ఉర్దూ బడిలో చదివించేవాడు. నిజాం రాజ్యంలో సెలవు ఆదివారం కాదు, శుక్రవారం. గురువారం బడి వదలగానే నాంపల్లిలో రైలెక్కి, లింగంపల్లిలో దిగి, చేలగట్ల మీద నడిచి చీకటి పడకముందే ఇంటికి చేరేవాణ్ణి. చంకలో వారం రోజుల ఉర్దూ పత్రికల కట్ట. మామ బట్టల దుకాణం పక్కన షావుకారు చదివి పారేసినవి. ఎండాకాలం బడి మూసినా మామ నన్ను దుకాణంలోనే పెట్టుకునేవాడు గనక ఆ రాకపోకలు ఏడాది పొడుగునా సాగాయి.

శుక్రవారం పొద్దున మా ఇంటి నిండా ఉలవలు ఉడికే వాసన. ఊరి చివర జాగీర్దారు గుర్రాల తబేలా ఉండేది, ఆరు గుర్రాలు. వాటికి దాణా ఉడికించి ఇవ్వడం పటేలు ఇంటి వంతు, ఎప్పటినుంచో వస్తున్న రివాజు. ఉలవలు గుర్రాలకు, ఉడికించిన నీళ్ళు మాకు. ఆ కట్టుతో అమ్మ పెట్టే చారు తలచుకుంటే ఇప్పటికీ నాలుక వెనక పులుపు ఊరుతుంది. మా అక్క సత్తెమ్మను నాలుగిళ్ళ అవతల మేనత్త కొడుక్కే ఇచ్చారు గనక శుక్రవారాలు వచ్చి ఆ పెద్ద డేగిసా దగ్గర కూర్చుని కట్టెతో కలియబెట్టేది. అరుగుకూ పొయ్యికీ నడుమ ఒక కిటికీ. ఆడవాళ్ళు అరుగు మీదికి రాకూడదు గాని ఆ కిటికీ నుంచి వినడానికి అడ్డులేదు. బాపు తలంటి పోసుకుని, రుమాలు చుట్టుకుని, చుట్ట ముట్టించి, కళ్ళు మూసుకునేవాడు. కళ్ళు మూసుకున్నాడంటే చదవమని అర్థం. నేను ఉర్దూలో చూసి తెలుగులో చెప్పాలి. మధ్యలో గురక పెట్టేవాడు గాని నా గొంతు ఆగిందంటే మాత్రం "ఊఁ" అని లేచేవాడు. ఇంకో నలుగురైదుగురు పెద్దమనుషులు ఉండేవాళ్ళు. అందరికీ ప్రపంచమంటే వాన, ధాన్యం ధర, నిజాం గారి ఆరోగ్యం. ఇంగ్లండు పెద్దరాజు పోయాడని చదివినప్పుడు మాత్రం ఒక్కసారి గలాటా అయింది. ఆయన మైలకు మన నిజాం గారి పాతికేళ్ళ జూబిలీ వాయిదా ఎందుకు పడాలి అని. నాకూ ఏడుపొచ్చింది, బడిలో పంచుతామన్న లడ్డు దానితోనే పోయింది.

మర్జాన్ సాబ్ ఒక్కడికే ప్రపంచం వేరు. తబేలా మీద పెద్ద ఆయనే. ఒకప్పుడు నిజాం గారి హబ్షీ సవార్లలో, అంటే ఆఫ్రికా సంతతివాళ్ళ గుర్రపు దళంలో, పనిచేసి, గుర్రం మీంచి పడి కాలు సొట్టబోతే ఇక్కడికి పంపారు. తాటిచెట్టంత మనిషి, నేరేడుపండు నలుపు, తెల్లటి గడ్డం. గుర్రం చెవి పట్టుకుని చూసి దానికి కడుపునొప్పో జ్వరమో చెప్పేవాడు. ఉలవల కోసం బకెట్టు పట్టుకుని తనే వచ్చి, గుర్రపు కంబళి ముక్క మడత పెట్టుకుని అరుగు చివర దానిమీద కూర్చునేవాడు. ఆయన తండ్రిని చిన్నపిల్లాడుగా ఉన్నప్పుడే ఓడలో తెచ్చారట. ఎక్కడినుంచని నేనొకసారి అడిగాను.

"ఎవలికెరుక బేటా? మా అబ్బాకే ఎరుకలేదు. సర్కారు కాగితంల హబ్షీ అని రాసిండ్రు. గందుకే హబ్ష్ నాది" అన్నాడు. తర్వాత ఎవరూ అడగకుండానే అన్నాడు: "ఆ దిక్కు తెల్లోని జెండా ఎక్కని పెద్ద రాజ్యం గదొక్కటే మిగిలింది."

ఇటలీ ఫౌజు హబ్ష్ మీదికి వచ్చిందన్న వార్త అంతకుముందు ఏడే మొదలైంది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఆయన నన్ను ఒక్కటే అడిగేవాడు. సలాం లేదు, బాగున్నావా లేదు. "పటేల్ కొడుకా, హబ్ష్ ఉన్నదా?" నేను కట్ట విప్పి వెతికి, "ఉన్నది సాబ్" అనేవాణ్ణి. ఆ తర్వాతే బకెట్టు కింద పెట్టేవాడు.

ఎండలు ముదిరిన ఒక గురువారం రైల్లో కట్ట విప్పితే, పెద్ద అక్షరాల్లో అడిస్ అబాబా పడిపోయింది. లింగంపల్లి నుంచి మా ఊరిదాకా ఆ వార్తను ఎట్లా చదవాలా అని గొంతు సవరించుకుంటూనే నడిచాను. అల్లా తలిచినట్టే జరుగుతుంది అందామా, యుద్ధమన్నాక గెలుపోటములు తప్పవు అందామా అని. పొద్దున లేచి అరుగు మీదికి వచ్చేసరికి ఆయన బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పటేల్ కొడుకా, హబ్ష్ ఉన్నదా?" నోరు తెరిచాను. "ఉన్నది సాబ్" అని వచ్చింది. నేను అన్నది కాదు, దానంతట అదే వచ్చింది. బకెట్టు కింద పెట్టి కూర్చున్నాడు. ఇక అక్కడినుంచి నాకు వెనక్కి తిరిగే దారి లేదు. ఉన్నది అన్నాక ఎట్లా ఉన్నదో చెప్పాలి కదా.

చెప్పాను. హబ్ష్ దేశం నేను చూసింది లేదు, చూసిన గుట్టలు మాదాపూర్ గుట్టలే, కనుక యుద్ధాన్ని అక్కడికే మార్చాను. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండల నడుమ ఇటలీ ట్యాంకులు ఇరుక్కున్నాయి. పైనుంచి తేనెతుట్టెలు రాల్చారు. ఇంకో వారం వాన కురిపించి వాగు పొంగించాను. హబ్ష్‌లో సేనాధిపతిని రాస్ అంటారని పత్రికలో చూశాను గనక ఒక కొత్త సేనాధిపతిని పుట్టించి రాస్ మర్జాన్ అని పేరు పెట్టాను.

"నా పేరే?" అన్నాడు ఆయన, కంబళి మీద కదిలి.

"మీ పేరే సాబ్. గుర్రం మీంచే తుపాకి పేలుస్తడట."

ఆయన ఎడమ చేత్తో లేని కళ్ళేన్ని కాస్త లాగి పట్టుకున్నాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనబడుతుంది. బాపు మాత్రం కళ్ళు తెరవకుండానే చుట్ట పక్కకు తీసి, "మస్తు గట్టిగనే కొట్లాడుతున్రు గదరా" అన్నాడు. తహసీలు కచేరీకి పోయి వచ్చే మనిషి, ఆయనకు నిజం తెలియదని నేను అనుకోను. ఆపమని మాత్రం అనలేదు.

ఇక్కడ ఒక ఒప్పుకోలు. ఏడు నెలలన్నాను. లెక్కపెడితే ఎండాకాలం నడిమి నుంచి వానాకాలం నడిమి దాకా, మూడున్నర నెలలు. అందులో రెండు శుక్రవారాలు జ్వరమొచ్చి రానేలేదు. అడిగినవాళ్ళకు ఏడు అనే చెబుతూ వచ్చాను. ఒంటిచేత్తో అన్నది కూడా సరికాదు. నడుమ నడుమ చక్రవర్తి జెనీవాలో దేశాలన్నిటి ముందు నిలబడి న్యాయం అడిగిన వార్త నిజంగానే వచ్చింది, అది నాకు బాగా కలిసొచ్చింది. దాన్ని ఇటలీవాళ్ళే సంధి కోసం ఆయనను బతిమాలుతున్నట్టు తిప్పి చదివాను. అబద్ధం ఒక్కటే అయితే మనిషి త్వరగా అలిసిపోతాడు. నిజం కాస్త చేయి కలిపితే ఎంత దూరమైనా పోతాడు. వారమంతా పట్నంలో నాకు కుదురుండేది కాదు. గజాలు కొలుస్తూ యుద్ధాలు అల్లేవాణ్ణి. మామ రెండు గజాల బట్టకు రెండున్నర ఎందుకు చింపావని చెవి మెలిపెట్టేవాడు.

తర్వాత జర్మనీ ఆటలు వచ్చాయి. హాకీలో మనవాళ్ళు జర్మనీ వాళ్ళను వాళ్ళ ఊళ్ళోనే ఓడించారన్నది తర్వాతి సంగతి. అంతకుముందే ఒక నల్ల అమెరికావాడు మూడు పరుగులూ ఒక దూకుడూ గెలిచి నాలుగు బంగారు పతకాలు కొట్టాడని వచ్చింది. అమెరికా అన్న మాట నేను మింగేశాను.

"హబ్షీ ఒకడు లోకంల అందరికన్న జోరుగ ఉరికిండు సాబ్."

మర్జాన్ సాబ్ లేచి నిలబడ్డాడు. సొట్టకాలితో ఆయన అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. "ఎవలి ముందల ఉరికిండు?"

"జర్మనీ సర్దారు ముందల."

"గా సర్దారు మొఖం ఎట్లుండె?"

"ఆముదం తాగినట్టుండె సాబ్."

అరుగంతా గొల్లున నవ్వింది. కిటికీ లోపలినుంచి అక్క నవ్వు కూడా వినిపించింది. ఆ సాయంత్రం ఆయన లింగంపల్లి స్టేషన్ దాకా పోయి గంపెడు జిలేబీ తెచ్చి, ఊళ్ళో ఇంటింటికీ తిరిగి పంచాడు. ఎందుకని అడిగిన ప్రతివాడికీ పరుగు సంగతి చెప్పి, ఆ తర్వాత గొంతు తగ్గించి రాస్ మర్జాన్ సంగతి చెప్పాడు.

తర్వాతి గురువారం నేను లింగంపల్లిలో దిగి వస్తుంటే చేల నడుమ ఆయన ఎదురొచ్చాడు, గుర్రం మీద. పాత సవారు కోటు, తళతళలాడే ఇత్తడి గుండీలు, గడ్డానికి అత్తరు. మాసాబ్ చెరువు దగ్గర హబ్షీ గార్డుల బస్తీ ఉంది, తన పాత జోడీదార్లంతా అక్కడే. "మావోల్లకు జర చెప్పొస్త బేటా. గాల్లకు గీ ముచ్చట్లన్నీ ఎరుకున్నయో లేవో" అన్నాడు. ఆ దారిలో ఆయనా నేనూ గుర్రమూ తప్ప ఎవరూ లేరు. చెప్పవలసిన మాట నాలుగే ముక్కలు. నేను గుర్రం మెడ నిమిరి, "పోయి రాండ్రి సాబ్" అన్నాను.

శుక్రవారం పొద్దుగుంకే వేళ తిరిగొచ్చాడు. గుర్రం ఎక్కలేదు, కళ్ళెం పట్టుకుని నడిపించుకుంటూ వచ్చాడు. మా అరుగు ముందు నుంచే పోయాడు గాని తల తిప్పలేదు. ఆ బస్తీలో ఎండాకాలంలోనే అందరికీ తెలుసునట. మసీదులో దువా కూడా చేశారట. ఈయన పోయి రాస్ మర్జాన్ అనేసరికి ముందు ఎవరికీ అర్థం కాలేదట, తర్వాత నవ్వారట, ఆ తర్వాత జాలిపడ్డారట. ఇదంతా జీతగాళ్ళ నోట విన్నాను.

ఈ కథ చెబుతుండగానే ఆటో గోపన్‌పల్లి చేరింది. యూనివర్సిటీ గోడ దాటాక ఒకప్పటి చేలన్నిటిలో తాడు పట్టి పాతినట్టు తెల్లటి ప్లాటురాళ్ళు. మా అక్క ఇంకా తన అత్తగారి పాత ఇంట్లోనే ఉంటుంది, ఎనభై నిండింది, చెవులు నాకంటే నయం. మేం పోయేసరికి వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. స్వాతిని పక్కన కూర్చోబెట్టుకుని, చేతికి ఇంత చింతపండు ఇచ్చి పనిలో పెట్టింది. నేను కూర్చోలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ మిగిలింది చెప్పాను, అరవై ఏళ్ళుగా చెబుతున్నట్టే.

ఆ రాత్రి నేను తబేలాకు వెళ్ళానని చెప్పాను. లాంతరు వెలుగులో ఆయన గుర్రాన్ని తోముతున్నాడు. పోయి కాళ్ళు పట్టుకుని మొత్తం ఒప్పుకున్నాను. ఆయన నన్ను లేపి, గుండెకు హత్తుకుని, "లోకమంతా కూలగొట్టిన రాజ్యాన్ని నువ్వొక్కనివే నిలవెట్టినవ్ బేటా" అన్నాడు. ఆ తర్వాత చలికాలంలో జాగీర్దారు గుర్రాలమ్మి మోటారు కొన్నాడు, మర్జాన్ సాబ్ పట్నం వెళ్ళిపోయాడు. కొత్తరాజు గద్దె దిగిన వార్త నేను మా అరుగు మీద చదవలేదు. అప్పటికి నా చదువు బరువెక్కి రాకపోకలు తగ్గాయి. నేను తెచ్చిన ప్రపంచం మూడు రోజులు పాతది, సగం నాదే. కానీ అది రావాలని ఒక మనిషి వారమంతా ఎదురుచూసేవాడు. ఇప్పుడు ఆ అద్దాల మేడలో వార్త పుట్టిన క్షణానే తెర మీద పడుతుంది, తెల్లవారేసరికి ఒక నల్లచుక్కా ఒక లైనూ అవుతుంది. దానికోసం ఎవరూ బకెట్టు పట్టుకుని నిలబడరు. ఇదంతా నేను బాగానే చెప్పినట్టున్నాను, స్వాతి కళ్ళు తుడుచుకుంది. చేతికి చింతపండు అంటి ఉందన్నది వేరే సంగతి.

"ఆయనన్న ఆ చివరి మాట, రాజ్యం నిలబెట్టినవ్ అన్నది, అదే పెడతాను తాతయ్యా" అంది. "ఆ లైను పక్కన గడిలో. నీ పేరుతో."

అక్క చేతిలో చింతపండు పళ్ళెంలో పడేసింది.

"యాడ పెడ్తవ్ బిడ్డా?"

"కంప్యూటర్‌లో అమ్మమ్మా. పిల్లలందరూ చదువుతారు."

"అయితే ఆగు." నా వైపు తిరిగింది. "అరవై ఏండ్ల సంది ఇంటున్నరా గీ ముచ్చట. పెండ్లిల్లల్ల చెప్పినవ్, బాపు దినాలల్ల చెప్పినవ్, ఒక్కపారి అడ్డమొచ్చిన్నా? ఏదో చెప్పుకుంటున్నవ్ తియ్యి అనుకున్న. ఇయ్యాల గీ పోరి రాస్తనంటున్నది. రాసుడంటే ఊకె గాదు గద."

"ఏందక్కా, ఏడు నెలలు కాదు మూడున్నరేనని దానికి చెప్పిన..."

"నెలల ముచ్చట ఎవడడిగిండు? నువ్వు తబేలాకు ఎప్పుడు పోయినవ్?"

నేను తిరగడం ఆపాను.

"ఆ నాడు ఆయన వచ్చుడు సూసి గడ్డివాము ఎన్క దాసుకున్నవ్. నేనే ఈడికి బువ్వ తెచ్చి పెట్టిన బిడ్డా, ఈడు తినుకుంట ఏడ్సిండు. తెల్లారక ముందే రైలుకు ఉరికిండు. మల్ల శుక్రవారం రాలే, ఆ మీదటి శుక్రవారం రాలే. దసరాకు వచ్చినా ఇల్లు దాటలే. కాళ్ళు పట్టుకున్నడట, లేవట్టిండట! ఆయన నీతోని ఒక్క మాట మాట్లాడితె గద!"

"కోపం మీద ఉండె గదక్కా, ఎట్ల పోతును..."

"ఎవనికిరా కోపం? నాకు కిటికీలకెల్లి అన్ని కనవడ్తుండె. వారం తిరగంగనే బకీటు పట్టుకొని వచ్చిండు. గదే కంబళి ఏసుకొని గాడనే కూసున్నడు. 'పటేల్ కొడుకు రాలేదా' అనడిగిండు. పరీచ్చలున్నయని బాపు చెప్పిండు. అగో, మల్ల శుక్రవారం మల్ల వచ్చిండు. ఉలవలు సల్లారిపోయినా లేవకపోతుండె. గుర్రాలు అమ్మినంక, ఆయన పట్నం పోయే నాడు గూడ గా అరుగు కాడ నిలవడి లింగంపల్లి తొవ్వ దిక్కే సూసిండు. తిట్టనీకె గాదురా. హబ్ష్ పోయింది, ఇగ లోకంల ఏమైతున్నదో చెప్పెటోడు కావాలె ఆయనకు. పేపరు ఇనాలెనని వచ్చిండు. అన్ని శుక్రవారాలు ఆయనొచ్చిండు. నువ్వే రాలే."